నూనె ఎక్కడికి పోయింది?

పిల్లలూ, ఆవిరి అనే మాట వినగానే మనకు గుర్తుకు వచ్చేది నీళ్ళు. దండెంమీద వేసిన బట్టలు ఆరిపోతాయి. వానకు నిండిన గుంట నాలుగు రోజుల ఎండకు ఎండిపోతుంది. పొయ్యిమీద ఎసరు మరిగి, మూత సందునుంచి పొగలాగా పైకి వస్తుంది. అయితే ఆవిరి అయ్యే గుణం ఒక్క నీళ్ళకే లేదు. పెట్రోలు బంకులో ఎప్పుడైనా గమనించండి. కింద ఒలికిన పెట్రోలు చుక్క మనం చూస్తూండగానే మాయమవుతుంది, వాసన మాత్రం ముక్కుకు తగులుతుంది. ఆ వాసన ఆవిరైన పెట్రోలుదే. అదే కిరసనాయిలు చుక్క అయితే చాలాసేపు తడిగా ఉంటుంది. డీజిలు మరక ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇక ఇంజనులో పోసే నూనె సంగతి చూడండి. వాకిట్లో స్కూటరు నిలిపేచోట పడిన నూనె మరక నెలల తరబడి అలాగే ఉంటుంది. ఎండ దాన్ని ఆర్చలేదు, వాన దాన్ని కడగలేదు.

అందుచేత ఇంజను నూనె ఆవిరి కానే కాదని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం మూలాన ఒక చిక్కు వస్తుంది. కారులోనో, లారీలోనో పోసిన నూనె తగ్గిపోయిందనుకోండి. ముందు, ఎక్కడైనా కారుతున్నదేమోనని కిందికి వంగి చూస్తారు. కారడం లేదని తేలితే, "అయితే ఎవరో తీశారు!" అంటారు. నూనె పోవడానికి మూడో దారి ఒకటి ఉన్నదని చాలామందికి తోచదు.

నేను చాలా ఏళ్ళు ఒక నూనెల పరీక్షాశాలలో పనిచేశాను. ఆ మూడో దారిని కొలవడం అక్కడ నా పనుల్లో ఒకటి. కంటికి కనబడకుండా పోయేదాన్ని ఎలా కొలుస్తారో, అలా కొలవడంవల్ల ఎవరికి ఏం మేలు జరుగుతుందో మీకు చెబుతాను.

ముందుగా అసలు ఇంజను నూనె అంటే ఏమిటో చూద్దాం. నీళ్ళలో అణువులన్నీ ఒక్కలాగే ఉంటాయి. నూనె అలా కాదు. భూమిలోనుంచి తీసిన ముడినూనెలో చిన్నవీ, పెద్దవీ ఎన్నో రకాల అణువులు కలిసి ఉంటాయి. వాటిలో చాలాభాగం కర్బనం, ఉదజని అనే రెండు మూలకాలతో తయారైనవే. ముఖ్యమైన తేడా అల్లా, ఒక్కొక్క అణువులో ఎన్ని కర్బన పరమాణువులు గొలుసుకట్టుగా కలిశాయన్నదే. పెట్రోలు అణువుల్లో సుమారు 4 మొదలు 12 దాకా ఉంటాయి. ఇంజను నూనె అణువుల్లో 20 మొదలు 40 దాకా, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కూడా ఉంటాయి.

అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ ఉంటాయి. పెద్ద అణువు తన ఇరుగుపొరుగు అణువులను ఎక్కువచోట్ల తాకుతుంది గనక, దాన్ని పట్టి ఉంచే బలం కూడా ఎక్కువే. తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు ఒక్కరి చెయ్యి పట్టుకున్న పిల్లవాడు సులువుగా విడిపించుకుని బొమ్మల దుకాణానికి పరిగెత్తుతాడు. పదిమంది పట్టుకున్నవాడు కదలలేడు. పెట్రోలు త్వరగా ఎగిరిపోవడానికీ, ఇంజను నూనె నిలిచి ఉండడానికీ కారణం ఇదే.

ఈ చిన్న అణువులనూ, పెద్ద అణువులనూ వేరుచేసే పని నూనెశుద్ధి కర్మాగారాల్లో జరుగుతుంది. విశాఖపట్నంలో 1957లో మొదలైన కర్మాగారం పక్కగా వెళ్ళినవారు అక్కడి పొడవైన ఉక్కు స్తంభాలను చూసే ఉంటారు. ముడినూనెను బాగా వేడిచేసి అటువంటి స్తంభాల్లోకి పంపుతారు. తేలిక భాగాలు ఆవిరిగా పైదాకా పోతాయి, బరువైనవి కిందనే ఆగిపోతాయి. ఇలా ఒక్కొక్క అంతస్తునుంచీ ఒక్కొక్క రకాన్ని తీసుకుంటారు. అడుగున మిగిలే బరువైన భాగాన్ని కొన్ని కర్మాగారాల్లో మళ్ళీ వేరుచేసి, శుద్ధిచేసి, ఇంజను నూనెకు మూలమైన నూనెను తయారుచేస్తారు.

కాని ఈ వేరుచెయ్యడం ఎప్పుడూ నూటికి నూరుపాళ్ళూ జరగదు. మీ అమ్మ గోధుమరవ్వ జల్లించేటప్పుడు చూడండి. ఎంత జాగ్రత్తగా జల్లించినా రవ్వలో కాస్త పిండి మిగిలే ఉంటుంది. అలాగే ఇంజను నూనెలో కూడా కొన్ని తేలిక అణువులు మిగిలి ఉంటాయి. వాకిట్లో మరకగా ఉన్నంతకాలం వాటికి బయటపడే బలం ఉండదు. ఇంజనులోకి వెళ్ళాక సంగతి వేరు.

నడుస్తున్న ఇంజను అడుగున నూనె నిలవ ఉండే తొట్టిలో వేడి సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు ఉంటుంది. అంటే నీళ్ళు మరిగేంత వేడి. అక్కడినుంచి ఒక పంపు నూనెను ఇంజను నాలుగు మూలలకూ తోస్తుంది. పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది గదా, దాని చుట్టూ గాజులలాగా రింగులు ఉంటాయి. పైరింగు దగ్గర వేడి 200 డిగ్రీలు దాటుతుంది. పైగా అక్కడ నూనె కుండలో ఉన్నట్టు లోతుగా ఉండదు. సిలిండరు గోడకు పల్చగా పూసినట్టు ఉంటుంది. చెంబులో నీళ్ళు ఆవిరి కావడానికి రోజులు పడుతుంది. అవే నీళ్ళతో తడిగుడ్డ పెట్టి నేల తుడిస్తే నిమిషాల్లో ఆరిపోతుంది. పల్చని పొర, మండే వేడి - ఈ రెండూ కలిసినచోట నూనెలోని తేలిక అణువులు చెయ్యి విడిపించుకుని ఎగిరిపోతాయి.

ఎక్కడికి పోతాయి? పాతకాలపు ఇంజనుల్లో బ్రీదరు అనే గొట్టంగుండా బయటి గాలిలో కలిసిపోయేవి. ఇప్పటి కార్లలో ఆ ఆవిరిని మళ్ళీ ఇంజనులోకే పంపి కాల్చేస్తారు. పోతూ పోతూ అది దారిలోని కవాటాలమీద జిగురులాగా, మసిలాగా పేరుకుంటుంది. పొగగొట్టంలో విషవాయువులను తగ్గించే పరికరాన్ని కూడా కొంతకాలానికి చెడగొట్టగలదు.

పోయిన నూనె సంగతి అలా ఉంచి, మిగిలిన నూనె సంగతి చూడండి. పాలను అదేపనిగా మరగకాస్తే ఏమవుతుంది? నీరు పోయి, చిక్కబడి, చివరకు కోవా అవుతుంది. నూనెలో నీరు లేకపోయినా జరిగేది అటువంటిదే. తేలిక భాగం పోయినకొద్దీ మిగిలినది చిక్కబడుతుంది. చిక్కని నూనెను తోయడానికి పంపుకు ఎక్కువ బలం కావాలి. చలి ఉదయాన ఇంజను కదలడానికి మొరాయిస్తుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ ఖర్చవుతుంది. నూటికి 10 పాళ్ళు పోయి 90 పాళ్ళు మిగిలితే, ఆ 90 పాళ్ళూ మనం మొదట పోసిన నూనె కాదన్నమాట. ఇక నూనె మరీ తగ్గిపోయి, ఎవరూ చూసుకోకపోతే, ఇనుముతో ఇనుము రాసుకుని ఇంజను పట్టేస్తుంది. ఒక్క లారీమీద బతికే కుటుంబానికి అది ఎంత దెబ్బో చెప్పనక్కరలేదు.

కనుక ఒక నూనె ఎంత ఆవిరి అవుతుందో దాన్ని ఇంజనులో పొయ్యకముందే తెలుసుకోవాలి. ఇందుకు 1930లలోనే జర్మనీలో నోయాక్ అనే ఆయన ఒక పద్ధతి ఏర్పాటుచేశాడు. ఈనాడు దేశదేశాల పరీక్షాశాలల్లో ఆయన పేరు మీదనే ఆ పరీక్ష జరుగుతున్నది. దానికి నియమాలు రాసి పెట్టిన అమెరికా ప్రమాణానికి డి 5800 అని సంఖ్య. ఆ నియమాలు తెలిసిన వారు ఏ దేశంలో ఉన్నా ఒకేవిధంగా పరీక్ష చేస్తారు. రండి, మీరు నా పక్కన నిలబడి చూస్తున్నట్టే చెబుతాను.

ఇది ఉక్కుతో చేసిన చిన్న గిన్నె. ముందు దీన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, తూచాలి. పాత నూనె పొర ఇసుమంత మిగిలినా లెక్క తప్పుతుంది. మా త్రాసు గ్రాములో నూరోవంతు దాకా చూపిస్తుంది. అంటే ఒక బియ్యపుగింజ బరువులో సుమారు సగం. తూచిన గిన్నెలో సరిగా 65 గ్రాముల నూనె పోస్తాం. చిన్న టీగ్లాసుకు సరిపడేంత ఉంటుంది. ఆపైన మూత గట్టిగా బిగిస్తాం.

ఆ మూతలో ఉన్నది విశేషమంతా. దానికి మూడు సన్నని రంధ్రాలున్నాయి. వాటిగుండా గాలి లోపలికి వస్తుంది. మూత నడుమ ఒక గొట్టం ఉన్నది. ఆ గొట్టం రెండు గాజుసీసాలగుండా పోయి ఒక పంపుకు తగులుతుంది. పంపు మెల్లగా పీలుస్తూంటే గాలి రంధ్రాలగుండా లోపలికి వచ్చి, వేడినూనె పైన తిరిగి, ఆవిరిని వెంటబెట్టుకుని గొట్టంగుండా వెళ్ళిపోతుంది. గాలి వీచే రోజున బట్టలు త్వరగా ఆరతాయి గదా! గాలి కదలకపోతే ఆవిరి అక్కడే కమ్ముకుని, కొన్ని అణువులు మళ్ళీ నూనెలో పడిపోతాయి. ఇంజనులోనూ ఆవిరి ఒకచోట నిలవదు. అందుకే ఇక్కడ కూడా దాన్ని ఎప్పటికప్పుడు తోలెయ్యాలి.

పంపు ఎంత బలంగా పీల్చాలి? ఇందుకూ నియమం ఉన్నది. 20 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని లేపగలిగేంత. మీ బొటనవేలి వెడల్పు ఎంతో ఆ ఎత్తు ఇంచుమించు అంత. గొట్టం పెట్టుకుని కొబ్బరినీళ్ళు తాగేటప్పుడు మీరు పీల్చేది ఇంతకంటె ఎన్నోరెట్లు ఎక్కువ. అంత మెల్లని ఊపిరిని గంటసేపు ఒకేతీరున నిలపాలి. పీల్చడం కాస్త బలమైతే ఎక్కువ ఆవిరి పోతుంది, కాస్త మందమైతే తక్కువ పోతుంది.

ఇక వేడి. గిన్నెను 250 డిగ్రీల దగ్గర నిలపాలి. అర డిగ్రీకి మించి అటూ ఇటూ పోకూడదు. పూర్వం ఇందుకు ఊడ్స్ లోహం అనే మిశ్రమలోహాన్ని వాడేవారు. అది సుమారు 70 డిగ్రీలకే కరిగి నీళ్ళలాగా అవుతుంది. అందులో గిన్నెను దింపితే వేడి అన్నివైపులనుంచీ సమంగా తగులుతుంది. కాని అందులో సీసమూ, కాడ్మియమూ ఉన్నాయి. రెండూ ఒంటికి విషం. అందుచేత ఆ లోహం అక్కరలేని యంత్రాలు వచ్చాయి. వాటిలో వేడినీ, గాలినీ యంత్రమే సరిచూసుకుంటుంది.

సరిగా 60 నిమిషాలు కాగానే గిన్నెను తీసి చన్నీళ్ళలో కూచోబెడతాం. ఈ పనిలో ఆలస్యం కూడదు, ఎందుకంటే గిన్నె వేడిగా ఉన్నంతసేపూ ఆవిరి పోతూనే ఉంటుంది. అరగంట చల్లారాక బయట తడి తుడిచి, మూత తీసి, మళ్ళీ తూస్తాం.

కొత్తగా పనిలో చేరినవారు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తూ ఉంటారు: "ఆవిరైన నూనె గాజుసీసాల్లో చేరింది గదా, దాన్నే తూచవచ్చు గదా?" తూచవచ్చు, కాని అది నిజం చెప్పదు. కొంత గొట్టానికి అంటుకుని ఉంటుంది, కొంత సీసాలు దాటి గాలితో వెళ్ళిపోయి ఉంటుంది. పోయినదాన్ని పూర్తిగా ఏరి తేవడం కష్టం. మిగిలినదాన్ని తూచడం సులభం. అందుచేత, ముందెంత ఉన్నదో తెలుసు, ఇప్పుడెంత ఉన్నదో తెలుసు, తేడాయే పోయినది.

లెక్క మీరు కూడా చెయ్యగలరు. మొదట 65 గ్రాములు. గంట తరవాత 56.55 గ్రాములు మిగిలాయనుకోండి. పోయినది 8.45 గ్రాములు. దాన్ని నూటితో హెచ్చించి 65తో భాగిస్తే 13 వస్తుంది. అంటే ఆ నూనె నూటికి 13 పాళ్ళు ఆవిరైంది. అమెరికాలో 1996లో వచ్చిన ప్రమాణం కొన్ని రకాల కారు నూనెలకు నూటికి 22 పాళ్ళ దాకా ఒప్పుకున్నది. 2001లో వచ్చిన ప్రమాణం ఆ హద్దును 15 పాళ్ళకు దించింది. ఐరోపా ప్రమాణాల్లో చాలా రకాలకు 13 పాళ్ళే హద్దు. తేలిక అణువులను మరింత గట్టిగా ఏరివేసి చేసిన నూనెలు, ఇంచుమించు ఒకే పరిమాణం గల అణువులను కూర్చి కృత్రిమంగా చేసిన నూనెలు ఇంకా తక్కువ ఆవిరి అవుతాయి. సహజంగానే వాటి ధర ఎక్కువ.

65 గ్రాములే ఎందుకు, 60 నిమిషాలే ఎందుకు అని మీకు అనుమానం రావచ్చు. 50 గ్రాములు పోసి రెండు గంటలు కాచినా పరీక్ష పరీక్షే గదా! కాని అప్పుడు వచ్చే అంకె వేరు. ఒకరు మూరతో, ఒకరు గజంతో కొలిచి ఎవరి బట్ట పొడుగో తేల్చుకోలేరు. ఈ నియమాలు అందరూ కలిసి ఒప్పుకున్న గజంబద్ద వంటివి. ఆ బద్ద సరిగా ఉన్నదో లేదో కూడా మేము చూసుకుంటూ ఉండాలి. ఇందుకోసం, ఎంత ఆవిరి అవుతుందో ముందుగానే తెలిసిన ఒక నూనె ఉంటుంది. దాన్ని యంత్రంలో పెట్టి చూస్తాం. రావలసిన అంకె రాకపోతే తప్పు నూనెలో లేదు, యంత్రంలో ఉన్నది. దాన్ని సరిచేసేదాకా మరే నూనె గురించీ మేము నోరు విప్పకూడదు.

ఈ నోరు విప్పడం, విప్పకపోవడం ఎంత పెద్ద సంగతో నాకు బాగా తెలిసివచ్చిన ఉదంతం ఒకటి చెబుతాను.

మాకు బాబాయి వరస అయ్యే ఒకాయనకు పాత లారీ ఒకటి ఉండేది. అది విజయవాడనుంచి కోల్‌కతాకు సరుకు తీసుకుపోయి వస్తూండేది. వెళ్ళివచ్చేసరికి ప్రతిసారీ సుమారు రెండు లీటర్ల నూనె తగ్గేది. కింద చుక్క కారిన గుర్తు లేదు. రాత్రిళ్ళు లారీలో పడుకునేవాడు క్లీనరు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, తల్లికి అతని జీతమే ఆధారం. అనుమానం అతని మీద పడింది. బాబాయి నూనె ఖరీదు అతని జీతంలో పట్టుకోసాగారు. అంతటితో పోలేదు. "నూనెదొంగ" అనే మాట లారీల స్టాండులో పాకిపోయింది. పోయిన డబ్బు సంపాదించుకోవచ్చు గాని, ఆ మాట పడ్డవాణ్ణి మరొకరు పనిలో పెట్టుకోరు.

బాబాయి ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పారు.

"ఏం నూనె పోస్తున్నారు, బాబాయ్?" అని అడిగాను.

"విడిగా డబ్బాల్లో అమ్ముతారు లేమ్మా. సగం ధరకే వస్తుంది," అన్నారాయన.

"బ్రీదరు గొట్టం చివర ఎలా ఉంటున్నది?"

"నల్లగా జిడ్డోడుతూ ఉంటుంది. అయినా నూనె ఎక్కడైనా ఎగిరిపోతుందా, అమ్మాయ్? అలా ఎగిరిపోతే మీ పిన్ని పెనంమీద అట్లు ఎలా పోస్తున్నది?"

ఆయన మాటకు నవ్వు వచ్చినా, అది తీసిపారెయ్యదగిన ప్రశ్న కాదు. వాడని నూనె ఒక సీసాలో పోసి పంపమన్నాను. మా పైవారి అనుమతి తీసుకుని పరీక్ష చేశాను. నూటికి 26 పాళ్ళు పోయింది! ఒకసారి చేసి నమ్మకూడదు గనక మళ్ళీ చేశాను. ఇంచుమించు అంతే వచ్చింది. పేరున్న మంచి నూనె ఒకటి తెచ్చి అదే యంత్రంలో పెడితే 9 పాళ్ళు పోయింది.

ఈ అంకెలు వినగానే బాబాయి, "అయితే వాడు తియ్యలేదన్నమాటేగా!" అన్నారు.

ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు. ఆ కుర్రవాడిమీద నాకు జాలి ఉన్న మాట నిజమే. కాని త్రాసు చెప్పినది ఒక్కటే: ఈ నూనె వేడికి చాలా ఎగిరిపోతుంది. లారీలో తగ్గిన రెండు లీటర్లూ అలాగే పోయాయని త్రాసు చెప్పలేదు. అరిగిన రింగుల పక్కనుంచి పైకి పోయి కాలిపోయి ఉండవచ్చు. ఎవరో తీసి ఉండనూ వచ్చు. నా గిన్నెలో జరిగినది లారీలో కూడా జరుగుతున్నదని చెప్పాలంటే లారీనే అడగాలి.

అడిగే పద్ధతి ఇద్దరం ఆలోచించాం. బాబాయి పాత నూనెనూ, మంచి నూనెనూ ఒకే మాదిరి డబ్బాల్లో పోయించారు. అదే లారీ, అదే దారి, అదే డ్రైవరు, అదే క్లీనరు. మారేది నూనె ఒక్కటే. ఏ ప్రయాణానికి ఏ నూనె పోశారో డ్రైవరుకూ చెప్పలేదు, క్లీనరుకూ చెప్పలేదు. ఎందుకంటారా? తెలిస్తే, ఒకవేళ దొంగతనమే జరుగుతున్నట్టయితే, ఆ దొంగ తనకు అనుకూలంగా మసులుకుంటాడు. తెలియకపోతే అతనికి ఆ వీలు ఉండదు. ప్రయాణం ముగిసి వచ్చిన ప్రతిసారీ బాబాయి స్వయంగా కొలపుల్ల చూసి, గీతదాకా నింపడానికి ఎంత నూనె పట్టిందో కాగితంమీద రాశారు.

మొదట మంచి నూనె పోశారు. లీటరుకు లోపలే తగ్గింది. తరవాత పాత నూనె పోశారు. మళ్ళీ రెండు లీటర్లు తగ్గింది. మూడోసారి మంచి నూనె. మళ్ళీ లీటరుకు లోపలే. రాత్రిళ్ళు లారీలో పడుకున్నది మూడుసార్లూ ఆ కుర్రవాడే.

"నూనెను బట్టి మారుతున్నదే గాని మనిషిని బట్టి మారడం లేదమ్మా," అన్నారు బాబాయి ఆ కాగితం నాకు చూపిస్తూ. ఇప్పుడా మాట ఆయనే అనగలిగారు, నేను అనవలసిన అవసరం లేకపోయింది. ఆయన ఆ కుర్రవాణ్ణి పిలిచి, జీతంలో పట్టుకున్న డబ్బంతా లెక్కగట్టి ఇచ్చేశారు. అంతకంటె ముఖ్యంగా, లారీల స్టాండుకు వెళ్ళి నలుగురి ఎదుటా, "నూనె వీడు తియ్యలేదు. నేను కొన్న నూనే ఎగిరిపోయింది," అని చెప్పారు. మంచి నూనె ధర ఎక్కువైనా, మాటిమాటికీ పొయ్యనక్కరలేదు గనక ఖర్చులో పెద్ద తేడా రాలేదట.

ఇక పిన్నిగారి అట్ల సంగతి మిగిలింది. అట్టు గంటసేపు పెనంమీద ఉండదు. పైగా వంటనూనె అణువులు ఇంకా పెద్దవి, సులువుగా ఎగిరిపోవు. అందుచేత పిన్ని నిశ్చింతగా అట్లు పోసుకోవచ్చు.

పిల్లలూ, ఈ పరీక్షను మాత్రం మీరు ఇంట్లో చెయ్యబోకండి. 250 డిగ్రీల దగ్గర ఇంజను నూనె ఆవిరికి నిప్పురవ్వ తగిలితే భగ్గున అంటుకుంటుంది. పరీక్షాశాలలో దానికి తగిన జాగ్రత్తలు ఉంటాయి, వంటింట్లో ఉండవు. అందుకు బదులు పొయ్యి అక్కరలేని ప్రయోగం ఒకటి చెబుతాను. మీ అమ్మకో, నాన్నకో చెప్పి మొదలుపెట్టండి.

మూడు చిన్న పళ్ళేలు తీసుకోండి. ఇప్పుడు చాలా వంటిళ్ళలో గ్రాములు చూపే చిన్న త్రాసు ఉంటున్నది. దానిమీద ఒక్కొక్క పళ్ళేన్నీ ఖాళీగా తూచి, బరువు రాసుకోండి. ఒకదానిలో 50 గ్రాముల నీళ్ళు, ఒకదానిలో 50 గ్రాముల కొబ్బరినూనె, ఒకదానిలో 20 గ్రాముల కర్పూరం బిళ్ళలు పెట్టండి. దుమ్ము పడకుండా పల్చని గుడ్డ కప్పండి. కర్పూరం నోట్లో పెట్టుకుంటే ప్రమాదం గనక, చిన్నపిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. రోజూ ఒకే వేళకు, గుడ్డ తీసి, తూచి, ఎంత ఉన్నదో పుస్తకంలో రాయండి. వారం తరవాత, ఏది నూటికి ఎన్ని పాళ్ళు పోయిందో లెక్కకట్టండి. కర్పూరం ద్రవంగా కూడా మారకుండా ఎలా తగ్గుతున్నదో గమనించండి.

మీ పక్కింటి స్నేహితుడిచేత కూడా ఇదే ప్రయోగం చేయించండి. ఇద్దరి అంకెలూ కలవకపోతే ఎవరు తప్పు చేశారని పోట్లాడుకోకండి. ఒకరి పళ్ళెం వెడల్పు ఎక్కువేమో, ఒకరి ఇంట్లో ఫాను తిరుగుతున్నదేమో, ఒకరి కిటికీలోకి ఎండ వస్తున్నదేమో చూడండి. ఆ తేడాలను ఒక్కొక్కటిగా సరిచేసి మళ్ళీ తూచండి.